ఒక చెవిలో దూది

పోయిన నెల ఒక మధ్యాహ్నం మా ఇంటి ముందు స్కూటరు ఆగింది. అమ్మ వాకిట్లో చాప మీద ఎండేసిన నెత్తళ్ల చేపలు తిరగేస్తోంది. ఎనభై దాటినా ఆ పని ఇంకొకరికి ఇవ్వదు. దిగిన అమ్మాయికి ముప్పై ఏళ్లుంటాయి, భుజాన నల్లటి పెట్టె. ఆ పెట్టె ఆకారం చూడగానే లోపల ఏముందో తెలిసిపోయి, పేరైనా అడగకుండా కుర్చీ వేశాను. పేరు మంజుల. నెల్లూరులో ఒక ఆర్కెస్ట్రాలో ట్రంపెట్ వాయిస్తుంది. ఎవరో పాత బ్యాండు మనిషి నా గురించి చెప్పి, ముత్తుకూరు దాటాక లారీల కాటా దగ్గర ఆగి పెంచలయ్య ఇల్లెక్కడని అడగమన్నాడట. మజ్జిగ తాగేదాకా మర్యాద మాటలు మాట్లాడింది. గ్లాసు కింద పెట్టాక అసలు సంగతికొచ్చింది.

"రెండు గిటార్లు, డ్రమ్ములు, కీబోర్డు, పాడేవాళ్లు ఇద్దరు మాస్టారూ. నా ముందర మైకు కూడా ఉంది. అయినా నేను ఊదేది జనానికి ఇనపడదు, నాకే ఇనపడదు. ఇంకొక్క ప్రోగ్రాం చూసి ట్రంపెట్టు తీసేస్తామంటుండారు. నేను మాత్రం మానుకోను. ఎట్టా ఊదితే ఇనపడుద్దో చెప్పండి."

మానుకోను అన్న ఆ మాట నాకు బాగా తెలిసిన మాట. ఇరవై రెండేళ్ల వయసులో అదే మాట నేను ఇంట్లో, ఒడ్డున, బస్సులో, ఎవరు వింటున్నా వినకున్నా అనుకుంటూ తిరిగాను. లోపలికి వెళ్లి, ట్రంకుపెట్టె అడుగు నుంచి మా నాయన సున్నం డబ్బీ తీసుకొచ్చాను. అల్యూమినియంది, మూత మీద సొట్ట. మూత తీస్తే ఇప్పటికీ వెల్లుల్లి నూనె వాసన లీలగా వస్తుంది, లేదా వస్తుందని నేను అనుకుంటానేమో. లోపల పసుపుపచ్చగా మారిన దూది ఉండ ఒకటుంది. మంజుల దాన్ని చూసి, ఈ పెద్దాయనకు మతి సరిగా ఉందా అన్నట్టు నా వంక చూసింది. ఆ రోజు ఆమెకు చెప్పింది కొంత, చెప్పకుండా దాచుకున్నది కొంత, రెండూ ఇక్కడ రాస్తున్నాను.

అప్పట్లో మా ఇల్లు కృష్ణపట్నం వైపు, అలలకు దగ్గరగా ఇసుకలో ఉండేది. ఇప్పుడు అక్కడ రేవు గోడ, గోడ వెనక బొగ్గు గుట్టలు. నాయన వెలుగు రాకముందే వేటకు పోయేవాడు. ఆయన బయలుదేరేముందు అమ్మ చేసే పని ఒకటుంది, ఒక్కరోజు కూడా దాన్ని తప్పించేది కాదు. తాలింపు గరిటెలో కాస్త నువ్వుల నూనె పోసి, వెల్లుల్లి రెబ్బ చితగ్గొట్టి వేసి, అది ఎర్రబడేదాకా పొయ్యి మీద పట్టుకునేది. చల్లారాక ఆ నూనెలో దూది ముంచి, పిండి, నాయన రెండు చెవుల్లోనూ పెట్టేది. సముద్రపు గాలి చెవిలో దూరితే మనిషి తలపోటుతో పనికిరాకుండా పోతాడని ఆమె నమ్మకం. అంత మనిషీ ఆమె ముందు తల ఒకసారి ఇటు, ఒకసారి అటు వంచి కూర్చునేవాడు. ఆ తర్వాత ఆయనకు మా మాటలు సగమే వినపడేవి, అందుకని పొద్దుటి పూట మా ఇంట్లో ఎవరూ ఆయన దగ్గర ముఖ్యమైన సంగతి ఎత్తేవాళ్లం కాదు. తిరిగొచ్చాక దూది తీసి ఈ డబ్బీలో వేసేవాడు. ఆకూవక్కా మానేశాక సున్నం డబ్బీకి ఆ పని దొరికింది.

నాకు సముద్రం పడలేదు. పడవెక్కిన మూడుసార్లూ పేగులు బయటికొచ్చేలా వాంతులు. మూడోసారి నాయన నన్ను వల మీద పడుకోబెట్టి తీసుకొచ్చి ఒడ్డున దించి, ఇక రావద్దులే అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. తిట్టకుండా అన్నందుకు తల కొట్టేసినట్టయింది. వేటకు పోని మగవాడికి మా వాడలో రెండే దారులు, ఐసు గంపలు మోయడం, లేకపోతే అల్లూరు వైపు రొయ్యల గుంటలకు కాపలా పోవడం. నేను రెండూ కాదని ముత్తుకూరులో కోదండం మాస్టరు బ్యాండులో చేరాను. ట్రంపెట్ వాయించే ఆయన మద్రాసు వెళ్లిపోవడంతో ఆ చోటు ఖాళీ అయింది, మూడేళ్లు కష్టపడి దాన్ని నాది చేసుకున్నాను. అమ్మ దాన్ని బూర అనేది. ఆ బూర చేతిలో ఉన్నంతసేపే నేను మా వాడలో ఒక పని ఉన్న మనిషిని. అది పోతే గంపే గతి.

అమ్మ వైద్యాలంటే నాకు భయం పట్టుకున్నది కూడా ఆ బూర వల్లే. ఉప్పుగాలికి ఇత్తడి తెల్లారేసరికి పచ్చబడుతుంది. దీపపు కుందుల్ని చింతపండుతో తోమే చేత్తోనే, ఒక పెళ్లికి ముందు రోజు, నాకు చెప్పకుండా బూరను తీసి చింతపండు పులుసు కలిపిన బేసిన్‌లో ముంచి పెట్టింది. పైన బంగారంలా మెరిసింది. లోపల పీచు చేరి మధ్య మీట దిగింది దిగినట్టే ఉండిపోయింది. మర్నాడు పెళ్లిలో ఉన్న రెండు మీటలతో ఏవో పాటలు లాక్కొచ్చాను. సాయంత్రం ఇంటికొచ్చి కోపంగా చెబితే, "మెరిసిందా లేదా, అది చెప్పు" అంది అమ్మ. మెరిసిన మాట మాత్రం నిజమే.

మా బ్యాండులో ట్రంపెట్‌కు పాటలతో పాటు ఇంకో బాధ్యత ఉండేది. పెళ్లికొడుకు ఊరేగింపు ఆడపెళ్లివారి వీధి మలుపుకు చేరగానే బ్యాండు ఒక్క క్షణం నెమ్మదించేది, నేను ముందుకొచ్చి పిలుపు ఊదేవాణ్ణి. మాస్టరు కట్టిన చిన్న వరస అది. స్వరం మూడు మెట్లెక్కి, పైమెట్టు మీద ఊపిరి ఉన్నంతసేపు నిలబడాలి. అది వినగానే లోపలి ఆడవాళ్లు హారతి వెలిగించి, పానకం బిందెలు ఎత్తుకుని ఎదురుకోలుకు బయటికొచ్చేవాళ్లు. ముందొస్తే కర్పూరం ఆరిపోతుంది, ఆలస్యమైతే పెళ్లికొడుకు నడివీధిలో నిలబడిపోతాడు. రెండూ మాటపడే విషయాలే. చుట్టుపక్కల ఊళ్లలో మాస్టరు పిలుపుకు పేరుండేది, కోదండం మేళం అయితే హారతి ఆరదు అనేవాళ్లు. ఆ పేరును నిలబెట్టాల్సిన బాధ్యత నా పెదాల మీద ఉందని నాకు కొంచెం గర్వం కూడా ఉండేది.

అంతలో కీబోర్డు వచ్చింది. నాలుగు చక్రాల బండి, దాని మీద జనరేటరు, ముందుకు చూసే నాలుగు మైకు గొట్టాలు, నడిమధ్య స్టూలు వేసుకుని శీనన్న. మంచివాడే, వేళ్లూ మంచివే. కానీ ఆ బండి కదిలిందంటే వీధిలో కోళ్లు గడపలెక్కేవి. మేము ఎప్పటిలాగే బండికి ముందు నడిచేవాళ్లం, అంటే ఆ గొట్టాలన్నీ సరిగ్గా నా మాడుకు గురిపెట్టి ఉండేవి. ఉన్న ఒక్క మైకు శీనన్న పాటకు. నేను దాని దగ్గరికెళ్లి ఊదితే అది కూ అని కూసి అందరి చెవులూ చిల్లులు పడేవి. నా బూర నాకే వినపడకపోవడంతో నేను చేసిన పని ఒక్కటే, ఇంకా గట్టిగా ఊదడం. కింది పెదవి పగిలి నెత్తురొచ్చేది. కూర పులుపు తగిలితే ప్రాణం పోయేది. ఆ రోజుల్లో అమ్మ నాకు విడిగా చప్పిడి పప్పు వండేది, దేనికని ఎవరూ అడిగేవాళ్లు కాదు.

అల్లూరు పెళ్లిలో పరువు పోయింది. సాయంత్రం ఊరేగింపు, ఎండ ఇంకా పూర్తిగా దిగలేదు. కీబోర్డు మోత ఊరి పొలిమేర నుంచే ఒకేలా దబదబమంటోంది, దగ్గరైందో దూరమైందో లోపలివాళ్లకు అంతు చిక్కలేదు. వచ్చేశారనుకుని ఒకసారి హారతి వెలిగించి బయటికొచ్చి, ఎవరూ కనపడక లోపలికెళ్లారు. రెండోసారీ అంతే. చివరికి నేను నిజంగా మలుపులో నిలబడి, మెడనరాలు తెగిపోయేలా మూడుసార్లు పిలుపు ఊదితే ఒక్క మనిషి కదల్లేదు. పెళ్లికొడుకు వీధి మధ్యలో, దండ బరువుకు మెడ వంచుకుని, పావుగంట నిలబడ్డాడు. మగపెళ్లివారి పెద్దాయన ఒకాయన ఎదురుకోలు చేతకానివాళ్ల పిల్ల మనకెందుకు అన్నాడు, ఆడపెళ్లివారి వైపు నుంచి ఇంకొకరు అందుకున్నారు. పెళ్లయితే జరిగింది. కానీ ఆడవాళ్లలో పెద్దావిడ మాస్టరు ముందుకొచ్చి, రెండుసార్లు హారతి ఆరిన పళ్లెం చూపించి వెళ్లిపోయింది. నాకు సిగ్గుతో చచ్చినంత పనైంది.

మర్నాడు మాస్టరు నన్ను తన ఇంటి అరుగు మీద కూర్చోబెట్టుకున్నాడు. ఆయన ఎవరినీ పదిమందిలో అనడు.

"నీ మీద కోపం లేదురా పెంచలా. కీబోర్డులో ట్రంపెట్టు మీట ఉందంట, శీను నొక్కి చూపించినాడు. నెల పోతే ముత్తుకూర్లో పెళ్లుండాది. ఆడ పిలుపు నువ్వే ఊదు. ఆడవాళ్లు ఒకేసారి, సరైన టయానికి బయటికొచ్చినారా, నీ చోటు నీది. రాలేదా, ఇంక ఆ మీటతోనే కానిస్తాం."

మీటతో వచ్చే ట్రంపెట్‌ను నేనూ విన్నాను. జలుబు చేసిన మేక లాగా ఉంటుంది. నా చోట్లో అది కూర్చుంటుందంటే ఒళ్లు మండిపోయింది. ఆ మంటతోనే ఒడ్డుకు బయలుదేరాను. స్పీకర్ల మోతకు సరితూగేది మాకు దగ్గర్లో అలలొక్కటే. రోజూ పొద్దున నాయన వేటకు పోయాక అలలకు ఎదురుగా నిలబడి పిలుపు ఊదేవాణ్ణి. దూరంగా, చేపలు ఎండేసే దిబ్బ మీద అమ్మ ఉండేది. వినపడితే చెయ్యెత్తమన్నాను. అమ్మ అబద్ధం చెప్పే మనిషి కాదు. మొదటి వారమంతా ఆమె చేతులు నెత్తళ్ల మీదే ఉన్నాయి. చిన్న మూతిగొట్టం తెచ్చి బిగించి చూశాను, సన్నగా బుస కొట్టింది. బూరను ఆకాశానికెత్తి ఊదాను, నేలకు వంచి ఊదాను. అమ్మ చెయ్యి లేవలేదు. ఇంటికొచ్చాక, ఊదింది వినపడలేదా అనడిగితే, ఏదో ఓడ పోతున్నట్టుంది, యాడ నుంచో తెలియలా అంది.

రెండో వారానికి కుడిచెవి పోటు మొదలైంది. అన్నం నమిలితే దవడలోకి దిగేది. అమ్మ నా మొహం చూసి కనిపెట్టేసి గరిటె పొయ్యి మీద పెట్టింది. చింతపండు బేసిన్ గుర్తొచ్చి వద్దన్నాను. "గమ్మునుండు" అని చెవిలో దూది కుక్కింది. పొద్దున్నే అలాగే ఒడ్డుకు పోయాను. ఎవరికీ కనపడకుండా తీసేద్దామనే అనుకున్నాను గానీ, దిబ్బ మీద నుంచి ఆమె నా వైపే చూస్తోంది. ఆమె మాట కోసం ఉంచేశాను. బూర పెదవికి ఆనించి, ఎప్పటి కోపంతోనే ఊదాను.

ఊదగానే భయపడ్డాను. మూడేళ్లలో మొదటిసారి నా శబ్దం నా తలకాయ లోపల వినపడింది. దూది పెట్టిన వైపు అలల మోత తగ్గిపోయి, పళ్లలోంచి, దవడ ఎముకలోంచి నా స్వరం నాకే పోటెత్తింది. అది ఎంత చెడ్డగా ఉందో చెప్పలేను. సగం గాలి, సగం అరుపు, చుట్టూ చెదిరిపోయిన శబ్దం. ఇన్నాళ్లూ నేను ఊదుతున్నది ఇదా అనిపించి ఇసుకలో కూర్చుండిపోయాను. వినపడకపోవడం వల్ల గట్టిగా ఊదాను, గట్టిగా ఊదడం వల్ల అది చెదిరింది, చెదరడం వల్ల వినపడలేదు. స్పీకర్ల మీద, శీనన్న మీద పెట్టుకున్న కోపమంతా నా దగ్గరికే తిరిగొచ్చింది.

కాసేపు ఆగి మళ్లీ లేచాను. ఈసారి సగం గాలితో మొదలుపెట్టి, తలలో ఆ స్వరం ఎక్కడ బిగుసుకుంటుందో వెతుక్కుంటూ పోయాను. పెదవుల మూలలు గట్టిగా పట్టి, మధ్యలో వదులు చేసి, నాలుకతో స్వరాన్ని సూటిగా మొదలుపెట్టాలి. గాలి తగ్గేకొద్దీ బుస తగ్గింది. ఒకచోట అది ముడి పడినట్టు దగ్గరికొచ్చి, పుల్లలా సన్నగా, గట్టిగా నిలిచింది. నాకు మెత్తగా ఊదినట్టే ఉంది. తలెత్తి చూస్తే దిబ్బ మీద అమ్మ చెయ్యి లేచి ఉంది. పక్కనున్న ఇద్దరు ఆడవాళ్లు కూడా నా వైపు తిరిగారు. నాకు ఏడుపొచ్చింది, ఎవరూ దగ్గర లేరు కాబట్టి ఏడ్చేశాను.

ఒకసారి వస్తే వచ్చినట్టు కాదు. మిగిలిన రోజులన్నీ దాన్ని రోజూ పట్టుకోవడంతోనే సరిపోయాయి, పదిసార్లకు ఒకసారి, తర్వాత అయిదుసార్లకు ఒకసారి. శీనన్న దగ్గరికి పోయి ఒక మధ్యాహ్నమంతా ఆయన వాయించేది వింటూ కూర్చున్నాను. ఆయన ఎడమచెయ్యి ఎప్పుడూ ఖాళీగా ఉండదు, కానీ కుడిచెయ్యి పాట మలుపులో మీట మార్చడానికి రెప్పపాటు లేస్తుంది. నా మొదటి మెట్టు అక్కడ పడాలని లెక్క కట్టుకున్నాను. పైగా మాస్టరు వరసను ఆయన అనుమతితో ఒక స్థాయి పైకి జరిపాను, శీనన్న వేళ్లు ఎక్కువ తిరగని చోటికి. ఒకరోజు నాయన వేట నుంచి వచ్చి, చెవుల్లో దూది తీసి, పారేసి, డబ్బీ తుడిచి నా చేతిలో పెట్టాడు. "ఉంచుకో, నీకు గావాల్సొస్తుంది" అన్నాడు. నేను బ్యాండులో చేరాక నా పని గురించి ఆయన అన్న మొదటి మాట అది.

ముత్తుకూరు పెళ్లి కూడా సాయంత్రమే. కుడిచెవిలో దూది పెట్టుకుని, ఎడమచెవి మాస్టరు మాట కోసం వదిలేశాను. వడ్లమిల్లు మలుపు దగ్గరికొచ్చేసరికి శీనన్న ఉత్సాహం మీదున్నాడు, నేల అదురుతోంది. ఆడపెళ్లివారి ఇల్లు మలుపు అవతల, నాకు కనపడదు. మాస్టరు నా వైపు చూశాడు. శీనన్న కుడిచెయ్యి లేచింది. మొదటి మెట్టు వేశాను, రెండోది, మూడోది, పైమెట్టు మీద నిలబడ్డాను. గట్టిగా ఊదాలని ఒళ్లంతా లాగుతోంది. లాగనివ్వలేదు. తలలో ఆ పుల్ల చెదరకుండా ఉందా లేదా అన్నదే చూసుకుంటూ, కళ్లు మూసుకుని, ఊపిరి అయిపోయేదాకా నిలబడ్డాను. కళ్లు తెరిచేసరికి మిల్లు గోడ పక్క నుంచి ఆడవాళ్లు వరసగా వస్తున్నారు. ముందున్నావిడ చేతిలో హారతి అప్పుడే వెలిగించింది, ఇంకా నల్లటి పొగ పోతోంది. పెళ్లికొడుకు ఒక్క అడుగు కూడా ఆగాల్సిన పని పడలేదు. మాస్టరు నన్ను మెచ్చుకోలేదు. శీనన్న దగ్గరికి నడిచి, పిలుపు టయానికి నువ్వు చేతులు ఒళ్లో పెట్టుకో అని చెప్పాడు.

ఆ చోట్లో నేను ఇరవై ఆరేళ్లున్నాను. పెళ్లిళ్లలో ఇప్పుడు బ్యాండ్లు తక్కువ, లారీ మీద ఇంటి ఎత్తు పెట్టెలు పేర్చి మోగిస్తారు. పిలుపు లేదు, ఎదురుకోలుకు ఫోను చేస్తారు. హారతి ఆరడం లేదు, ఆ మాట ఒప్పుకోవాలి. అప్పుడంతా బాగుండేదని నేను అనను. అప్పుడు నేను ఒక తెలివితక్కువ పని చేశాను, దాని ఫలితం ఇప్పుడు అనుభవిస్తున్నాను. నాయన రెండు చెవుల్లో పెట్టుకున్న దూదిని నేను ఇరవై ఆరేళ్లూ ఒక్క చెవిలోనే పెట్టుకున్నాను. వాయిద్యగాడు చెవులు మూసుకుంటే నవ్వుతారని సిగ్గు, మాస్టరు మాట వినపడదేమోనని భయం. బండి మోతంతా తాగిన ఎడమచెవి పూర్తిగా పోయింది. కుడిది కూడా వయసుకు సగమైంది. అమ్మ చెవులు మాత్రం సూది పడినా పట్టుకుంటాయి. మా ఇంట్లో కొడుకు ముందు ముసలివాడయ్యాడు.

ఇందులో చెప్పదగ్గది చెప్పి, దూది రెండు చెవుల్లోనూ పెట్టుకోవాలని మంజులకు మూడుసార్లు చెప్పాను. అమ్మ అప్పటికే గరిటె పొయ్యి మీద పెట్టేసింది. వెల్లుల్లి వాసనకు మంజుల ముక్కు ముడిచింది గానీ, తల ఇటొకసారి, అటొకసారి వంచింది. పక్కింటివాళ్ల సౌండు బాక్సులు అరుగు మీద పెట్టించి, ఆమె ఫోనులో ఉన్న వాళ్ల బ్యాండు పాటను పూర్తి మోతలో వదిలాం. అటు రోడ్డు మీద రేవు లారీలు సరేసరి. మరి విని చెప్పేదెవరు? నా చెవులు దానికి పనికిరావు. అమ్మ చేతికర్ర తీసుకుని, వద్దన్నా వినకుండా, కాటా దాకా నడిచి అక్కడ నిలబడింది.

మొదటిసారి మంజుల మొహం ఎర్రబడేలా ఊదింది. అమ్మ అటు తిరిగి లారీలు చూస్తోంది. ఊదాక మంజుల బూర దించి, నేను ఆ రోజు ఇసుకలో కూర్చున్నప్పటి మొహంతో నన్ను చూసింది. "ఇదా మాస్టారూ, ఇన్నాళ్లూ నేను ఊదుతుండేది?" అంది. ఇదే, మళ్లీ ఊదు అన్నాను. గాలి తగ్గించమన్నాను, మూలలు బిగించమన్నాను. పదోసారికీ కర్ర లేవలేదు. పెదవి నొప్పెడితే కాసేపు ఆగమన్నాను, ఆగనంది. ఎండ కాటా కొట్టు దాటి మా వాకిట్లోకి వచ్చింది, నెత్తళ్ల మీద కాకులు వాలుతున్నా ఎవరూ తోలలేదు. పాట మళ్లీ మొదటికొచ్చింది. మంజుల కళ్లు మూసుకుని, భుజాలు దించి, ఊదింది. ఆ మోతలో అది ఎలా వచ్చిందో నాకు తెలియలేదు, నా వరకు కనపడింది ఆమె బుగ్గలు కదలడమే. కాటా దగ్గర, రెండు లారీల మధ్య సందులో, అమ్మ కర్ర పైకి లేచి ఉంది.